రోలు నిండిన వాన

దొడ్డప్ప పెండ్లాంతో మాట్లాడేదానికంటే రోటితో మాట్లాడేది ఎక్కువని దిగువీధి చెన్నమ్మ పాల డిపో దగ్గర అన్నదట. అంతటితో ఆపినా బాగుండేది. వాన పడిన మరునాడు తెల్లవారి చూడాలట, నాడి చూసే వైద్యుడి మాదిరి రోట్లో చెయ్యి పెట్టి కండ్లు మూసుకుని కూర్చుంటాడట, వెంకటమ్మ కాబట్టి వేగుతోంది గాని ఇంకొకతె అయితే ఎప్పుడో పుట్టింటి బస్సు ఎక్కేదట. ఈ మాటను గోవిందప్ప పాలచెంబుతోపాటు మోసుకొచ్చి, దోవలో తనకు తోచిన ఉప్పూకారం చేర్చి, దొడ్డప్ప తిన్నె మీద దించాడు.

"నేనన్నది కాదు బావా. ఆయమ్మ అన్నది," అన్నాడు గోవిందప్ప, తలకు చుట్టుకున్న తువ్వాలు విప్పి పిండుకుంటూ.

"ఆయమ్మ అన్నెప్పుడు నువ్వేమన్నావు?"

"నేనేమంటాను. నవ్వినాను."

"నవ్వినోడివి ఆడనే నవ్వుకుంటా ఉండక, ఈడికేల వచ్చినావు?"

"కాఫీకి," అన్నాడు గోవిందప్ప. ఆయనకు చెవులు మందం గాని నోటికి ఏ లోపమూ లేదు.

మిట్టూరు కెలమంగలం పక్కనే ఉంది. ఊరిలో సగం చెరువు కట్ట కింద, దిగువీధిలో ఉంటుంది. తక్కిన సగం మిట్ట మీద. మిట్టకు నెత్తిన దొడ్డప్ప ఇల్లు. ఆ ఇంటి వాకిట్లో మెడదాకా భూమిలో పాతిన రాతి రోలు ఒకటుంది. మిక్సీ వచ్చినప్పటినుంచీ అందులో ఎవరూ ఏమీ దంచలేదు. అయినా దానికి పని తప్పలేదు. దొడ్డప్ప నాయన కాలంనుంచీ వాన కొలిచేది అదే. నాలుగు వేళ్లు నిలిస్తే రాగులు చల్లుకోవచ్చు. జానెడు నిలిస్తే చేనంతా బురదే, దున్నేదానికి మడక కట్టే పని లేదు. అంచుదాకా నిండిందా, ఇక చెరువు కట్టను నమ్మకూడదు.

అంచుదాకా నిండడం దొడ్డప్ప ఎరుకలో ఒక్కసారే జరిగింది. అప్పుడాయన నిక్కరుకు గుండీలు పెట్టుకోవడం నేర్చుకుంటున్నాడు. కార్తీకమాసం తుపాను. తెల్లవారి రోలు నిండి పొర్లడం చూసి వాళ్ల నాయన కంచు తాంబాళం చేతపట్టుకుని, మిట్ట అంచున నిలబడి వాయించాడు. దిగువీధి దిగువీధంతా పిల్లాజెల్లా, గొడ్డూగోదాతో పైకెక్కింది. మధ్యాహ్నానికి కట్ట తెగింది. గోడలు పోయాయి గాని మనుషులు మిగిలారు. నీళ్లు తీసేదాకా ఊరంతా ఆ ఇంట్లోనే ఉంది.

నిజానికి దొడ్డప్పకు వరద అంతగా గుర్తు లేదు. ఇంట్లోని కిటకిట గుర్తుంది. పడసాలలో బొగ్గుతో గీసిన చౌకాబార గళ్లు, పాచికల కోసం ఒక పక్క అరగదీసిన చింతపిక్కల గలగల, వేయించిన ఉలవల వాసన, ఎవరి తల ఎవరి కాళ్ల దగ్గర ఉందో తెలియని నిద్ర. బయట ధారగా వాన. లోపల, వాళ్లమ్మ పెద్ద కుండలో రాగిముద్ద గెలుకుతూ, ఎవరి బిడ్డ అని చూడకుండా అందరి నోళ్లలోనూ పెట్టింది. తన బతుకులో అంత సంతోషంగా ఉన్నది ఆ వానలోనే. ఆ మాట ఆయన ఎవరితోనూ అనలేదు. ఊరు మునిగిన సంగతిని అట్లా చెప్పుకోవడం బాగుండదు గదా.

ఇప్పుడు వాన వస్తే ఎవరి తలుపు వాళ్లు వేసుకుంటారు. తలుపు వెనక ఎవరి టీవీ వాళ్లది. మిగిలింది రోలు ఒక్కటే. దానికీ నూకలు చెల్లేలా ఉన్నాయి.

కొడుకు యశ్వంత్ మూకండపల్లిలో ఒక ఫ్యాక్టరీలో సూపర్వైజరు. కొత్తగా కారు కొన్నాడు. ఆ కారు వీధిలో వానకు నానుతోంది. వాకిట్లో గచ్చు వేసి కారు లోపలికి తేవాలని వాడి ఆశ. నడుమ రోలు అడ్డం. శనివారం లీవు పెట్టి, పొద్దున్నే జేసీబీని రమ్మన్నాడు. రోలు పెరకడం, టిఫిను తినడం, సాయంత్రానికి గచ్చుకు కంకర తోలించడం. అంతే ఆ రోజు కార్యక్రమం.

"పారేయంలే నాయనా. తోటలో పెడతాం," అన్నాడు ముందురోజు.

"తోటలో పెట్టేదానికి అదేమన్నా మామిడి చెట్టా?"

"అది చెప్పే వాన ఇప్పుడు ఫోనే చెప్తుంది గదా."

"నీ ఫోను మదరాసు వాన చెప్తుంది. మన వాకిట్లో వాన రోలు చెప్తుంది."

"ఏం చెప్పింది? వారంనించి ముసురు పట్టుకోని ఉంది. నీ రోట్లో నాలుగు వేళ్ల నీళ్లు లేవు. అది కూడా రిటైరైపోయింది నాయనా."

వాడన్నది నిజం. వారంగా దొడ్డప్ప రోజూ తెల్లవారి వెళ్లి చూస్తే రోలు అడుగున తడి తప్ప ఏమీ కనిపించడం లేదు. రాయి గాని బీటలు వారిందా అని ఒకసారి చెంబెడు నీళ్లు పోసి కూడా చూశాడు. నిలిచాయి. పోసిన నీళ్లు నిలుస్తున్నాయి, కురిసిన నీళ్లు నిలవడం లేదు. కడుపున పుట్టినవాడే ఎదురు తిరిగాక రాయికి మాత్రం విశ్వాసం ఎందుకుంటుందని సరిపెట్టుకున్నాడు.

ఇంతలో ఇంకొక చిన్న సంగతి జరిగింది. ముసురు మొదలైనప్పుడే యశ్వంత్ తిన్నె పైన కొత్త రేకు వేయించాడు. రేకు అంచున నీళ్లు పట్టే దోనె, దోనెకు ఒక గొట్టం. గొట్టం మూతి ఎటు తిప్పాలని పనివాడు అడిగితే, "నేను కూచునే తావున పడకుండా యాడికైనా తిప్పుకోప్పా," అన్నాడు దొడ్డప్ప. పనివాడు తిప్పేసి వెళ్లిపోయాడు. ఆ సంగతి అంతటితో అందరూ మరిచిపోయారు.

శుక్రవారం పొద్దు గూకినాక వాన గట్టిగా పట్టుకుంది. రోజూ వెంకటమ్మ లేచి, వాకిలి చిమ్మి, గిన్నెలు కడిగి, కాఫీ కాచినాకే దొడ్డప్ప లేచేది. ఆ శనివారం మాత్రం రోటికి కడపటి రోజని నిద్ర పట్టక, ఆమెకంటే ముందే లేచి తలుపు తీశాడు. వాన వెలిసింది. మబ్బు మాత్రం ఇంటి చూరుకు ఆనుకుని ఉంది. రోటి దగ్గరికి వెళ్లి వంగాడు.

రోలు నిండి ఉంది. అంచుదాకా, ఇంకొక్క చుక్క పడితే పొర్లేలా, వేపాకు ఒకటి పైన తేలుతూ. దొడ్డప్ప చెయ్యి పెట్టాడు. మణికట్టు మునిగింది, పైన చొక్కా చెయ్యి కూడా తడిసింది. ఆయన కండ్లలో నీళ్లు తిరిగాయి. భయంతో తిరగవలసినవే, కాని అవి ఆ నీళ్లు కావు.

"వెంకటమ్మా. ఇట్ల రా."

వెంకటమ్మ అంటుగిన్నెల గంప నడుముకు పెట్టుకుని బయటికి వచ్చింది. రోటిని చూసింది. పైకి ఒకసారి చూసింది. మొగుడిని చూసింది. ఏదో అనబోయింది.

"ఉండు. నువ్వేం మాట్లాడొద్దు," అన్నాడు దొడ్డప్ప, గుడిలో గంట కొట్టేముందు చెయ్యెత్తినట్టు చెయ్యెత్తి.

ఆమె గంప కింద పెట్టి లోపలికి వెళ్లిపోయింది.

యశ్వంత్ పండ్లు తోముకుంటూ వచ్చి చూసి, బ్రష్షు నోట్లోనే ఆపేశాడు.

"రిటైరైపోయింది అన్నావే. చెయ్యి పెట్టి చూడు."

యశ్వంత్ చెయ్యి పెట్టలేదు. ఫోను తీశాడు. "ఇందులో తేలిక వాన అనే చూపిస్తా ఉంది నాయనా."

"దాన్నే మళ్లా చదువు. రోటి పక్కన నిలబడి చదువు. మీ తాత తాంబాళం యాడ పెట్టినారు?"

"దాన్ని గృహప్రవేశానికి ఎవురో అడుక్కోని పోయినారు," అంది వంటింట్లోనుంచి వెంకటమ్మ.

కోడలు మోనిషా హోసూరు పిల్ల. మామ ముఖం అంత వెలిగిపోవడం పెండ్లయి వచ్చినప్పటినుంచీ ఆమె చూడలేదు. "తాంబాళం ఏల మామా, మీరు అట్లే చెయ్యి పెట్టుకోని ఉండండి," అని ఫోటో తీసింది. ఊరి జాతర కోసం పెట్టుకున్న వాట్సాప్ గ్రూపు ఒకటుంది. అందులో ఫోటో పెట్టి, కింద "మా మామ రోలు నిండింది" అని రాసి, పక్కన ఒక నవ్వు ముఖం పెట్టింది. హోసూరులో ఆ మాటకు అర్థం అంతే. మిట్టూరులో ఆ మాటకు అర్థం వేరు. అది ఆమెకు ఎవరూ చెప్పలేదు.

ఫోటో దిగువీధికి దిగేసరికి నవ్వు ముఖాన్ని ఎవరూ చూడలేదు. టీ అంగట్లో ఎవరో గోవిందప్పకు చూపించారు. పాత వరదను కండ్లారా చూసినవాళ్లలో దొడ్డప్ప తర్వాత ఆయనే. బెంచీ మీద కూర్చున్నవాడు బెంచీ మీదే లేచి నిలబడి, ఆనాడు నీళ్లు ఎంత ఎత్తున వచ్చాయో చెయ్యెత్తి చూపించాడు. తాను బెంచీ మీద ఉన్న సంగతి మరిచాడు కాబట్టి నీళ్లు కూడా ఒక బెంచీ ఎత్తు పెరిగాయి. వినేవాళ్లలో ఒకడు ఇంటికి ఫోను చేశాడు. ఇంకొకడు ఏ దేశానిదో వరద వీడియో దొరికితే గ్రూపులో వేశాడు. అందులో కొట్టుకుపోతున్న ఎర్ర లారీ తమ మేనమామదేనని ఒకావిడ ఏడుపు అందుకుంది. మేనమామ పక్క గదిలోనే ఇడ్లీ తింటున్నాడు.

అందరికంటే ముందు మిట్ట ఎక్కింది చెన్నమ్మ. చంకన కోళ్ల గంప, నెత్తిన దుప్పట్లో చుట్టిన టీవీ.

"ఏం చెన్నమ్మా, ఇంత పొద్దన్నే?" అన్నాడు దొడ్డప్ప తిన్నె మీదనుంచి. ఆయనకు అన్నీ తెలుసు, అయినా ఆ ఒక్క ప్రశ్న అడగకుండా ఉండలేకపోయాడు.

"ఊరికే వచ్చినానన్నా. వదినను చూసి శానా దినాలాయ."

"టీవీ కూడా చూడాలనిందా మీ వదినను?"

"రవంత రిపేరన్నా. కెలమంగలం తీసకపోతా ఉండా."

"కోళ్లకు కూడా రిపేరా?"

చెన్నమ్మ టీవీ దించి, కొంగుతో ముఖం తుడుచుకుని, రోటి దగ్గరికి వెళ్లి తొంగిచూసింది. ఆమె ముఖం పాలిపోయింది. "అన్నా, నిన్ను గురించి ఎవురెవురో ఏమేమో అంటారు. నేను మాత్రం నమ్మినదాన్ని కాదు," అంది.

ఆ తర్వాత ఒకరి వెనక ఒకరు. భయపడి వచ్చామని ఒక్కరూ అనలేదు. ఒకాయన కాఫీపొడి అప్పు అడగడానికి వచ్చాడు, వెంట బియ్యం మూట తెచ్చుకున్నాడు. ఒకామె పట్టుపురుగుల తట్టలు నెత్తిన పెట్టుకుని, ఈ తావున గాలి బాగుంటుందంది. వచ్చినవాళ్లు వచ్చినట్టే రోట్లోకి తొంగిచూసి, నోటిమీద వేలేసుకుని, లోపలికి వెళ్లి పడసాలలో తమ వాటా చాప పరుచుకుంటున్నారు. మేకలకు వాకిలి చాలక వీధిలోకి తోలారు. వాటిలో ఒకటి యశ్వంత్ కారు బానెట్టెక్కి చుట్టూ చూసి, అద్దంలో తన ముఖం నచ్చినట్టు అక్కడే నిలబడిపోయింది.

"నాయనా, ఏందిది?" అన్నాడు యశ్వంత్.

"నేను తాంబాళం కొట్టినానా? నువ్వే చూస్తివి కదా. చెయ్యి రోట్లోనే ఉండె."

యశ్వంత్‌కు ఒకటే ఆశ మిగిలింది. జేసీబీ వస్తే ఒక్క దెబ్బతో రోలూ పోతుంది, గోలా పోతుంది. చివరికి మిట్ట కింద ఆ చప్పుడు వినిపించింది. ఎదురు వెళ్లాడు. పచ్చటి జేసీబీ ఊగుకుంటూ దోవెక్కి వస్తోంది. ముందర మన్ను తోడే బొచ్చెలో, పొట్టుగోనెల మీద, ఇద్దరు ముసలమ్మలు ఒకే గొడుగు కింద పెండ్లికూతుళ్ల మాదిరి కూర్చుని ఉన్నారు. వాళ్ల వెనక ఒక బీరువా.

"అంజనప్పా, నిన్ను దేనికి పిలిచినాను?" అన్నాడు యశ్వంత్.

డ్రైవరు అంజనప్ప తల బయట పెట్టాడు. "రోలు పెరికేది సాయంత్రం చూద్దాం సార్. దిగువీధిలో ఇంకా మంచాలు ఉండాయంట. మీ తోటి మాట్లాడతా ఉంటే తప్పిపోతాయి. పక్కకు జరగండి, అవ్వకు తల తిరుగుతా ఉందంట."

మధ్యాహ్నమయ్యేసరికి ఇల్లు నిండింది, రోలు నిండినట్టే, అంచుదాకా. వెంకటమ్మ అటకమీది పెద్ద కుండ దించింది. ఆడవాళ్లంతా పొయ్యి చుట్టూ చేరారు. ఒకరు రాగిపిండి పోస్తే ఒకరు కట్టెతో గెలికారు, ఉలవలు ఉడికాయి. కరెంటు పోయింది. ఎవరి ఫోన్లలో వాళ్లు తలలు పెట్టుకున్న పిల్లలు చార్జింగు ఒక్కొక్కటిగా అయిపోతుంటే దిక్కులు చూశారు. అప్పుడు గోవిందప్ప పొయ్యిలోనుంచి ఒక బొగ్గు ముక్క తెచ్చి, పడసాల నడిమధ్య మోనిషా మొన్ననే తుడిచిన పాలిష్‌ బండమీద చౌకాబార గళ్లు గీశాడు. మోనిషా అయ్యో అనబోయి, మామ ముఖం చూసి ఊరుకుంది.

చింతపిక్కలు అరగదీశారు. దొడ్డప్ప ఒక పక్క, గోవిందప్ప ఒక పక్క, చెన్నమ్మ మూడో పక్క. నాలుగో పక్కకు మనిషి తక్కువైతే యశ్వంత్‌ను పట్టుకుని కూర్చోబెట్టారు. వాడు మొదట ఒక కన్ను బయట మేక మీద పెట్టి ఆడాడు. రెండు కాయలు చంపాక రెండు కండ్లూ ఆటలోనే పెట్టాడు.

"నీకు రాదంటివే," అంది చెన్నమ్మ.

"చిన్నప్పుడు నాయన నేర్పినాడు. మరిచిపోయినాననుకుంటి," అన్నాడు యశ్వంత్, పిక్కలు విసురుతూ.

దొడ్డప్ప చెయ్యి ఆగింది. ఇల్లంతా ఒకసారి చూశాడు. అదే పడసాల. అదే తడి దుప్పట్ల వాసన, అదే ఉలవల వాసన. తాను అప్పట్లో పడుకున్న మూలన ఎవరి బిడ్డో ఒకటి కోళ్ల గంపకు ఆనుకుని నిద్రపోతోంది. చెన్నమ్మ ఓడి, ఒప్పుకోక, పిక్కలు ఎత్తుకుని పరుగెత్తుతోంది. వాళ్లమ్మ ఒక్కతే లేదు. పొయ్యి దగ్గర ఆ చేతి ఊపు మాత్రం వెంకటమ్మ చేతికి వచ్చి చేరింది. అది ఎప్పుడు చేరిందో ఆయన గమనించనేలేదు.

కాస్త చల్లగాలికి లేచి వాకిట్లోకి వచ్చి, చెరువు వైపు చూశాడు. కట్ట ఎక్కడిదక్కడే ఉంది. దానిమీద ఒక కొంగ. పొద్దున కూడా అక్కడే ఉంది అది. దేవుడా, కట్ట తెగొద్దు, అనుకున్నాడు. మళ్లీ ఒక క్షణం ఆగి, తెగొద్దు గాని, ఒక మూల రవంత కారితే నీ సొమ్మేం పోతుంది, అనుకున్నాడు. అనుకున్నందుకు తనకు తానే సిగ్గుపడి లెంపలేసుకున్నాడు.

ఆ లెంపలు దేవుడికి అందాయో లేదో గాని, కొంచెం సేపటికి ఊరి లెక్కలు చూసే సర్కారు అధికారి, వీఏఓ కుమారేశన్ మోటారు సైకిలు మాత్రం మిట్టను అందుకుంది. మోకాళ్లదాకా బురద. రెయిన్‌ కోటు విప్పకుండానే వాకిట్లో నిలబడి మేకల్ని, మంచాల్ని, బీరువాను, జేసీబీని వరసగా చూశాడు. ఆయన తమిళాయన. కోపంలో ఉంటే మాత్రం తెలుగు ఎక్కువగా వస్తుంది.

"తాలూకా ఆఫీసునించి ఫోను మింద ఫోను. మిట్టూరు చెరువు తెగిపోయింది, లారీలు కొట్టుకోని పోతా ఉండాయి అని. నేను కట్ట ఈ కొననించి ఆ కొనకి నడిచొచ్చినాను. చెరువులో సగానికి నీళ్లు లేవు. నడిమధ్య ఎనుములు మేస్తా ఉండాయి. ఎవరయ్యా ఈ పని చేసింది?"

ఊరంతా కలిసి రోటివైపు చూసింది.

కుమారేశన్ కూడా చూశాడు. ఆయన సర్వీసులో ఎందరినో విచారించాడు గాని రోటిని విచారించడం ఇదే మొదలు. "ఇదేమి?"

"రోలు సార్," అన్నాడు దొడ్డప్ప, ముందుకు వచ్చి. "నిండింది. మా నాయన కాలంలో నిండినప్పుడు కట్ట తెగింది. ఇప్పుడు మీ కంటికి చెరువు బాగనే కనపడొచ్చు. రోలు ముందుగా చెప్తుంది."

"పెద్దాయనా, ఆఫీసులో వాన కొలిచే గ్లాసు ఉండాది. అందులో రెండు వేళ్ల నీళ్లు కూడా లేవు."

"మీ గ్లాసు గవర్నమెంటుది సార్. ఇది రాయి. రాయి అబద్ధం చెప్పదు."

కుమారేశన్ మబ్బు వైపు చూశాడు. పడమట నల్లగా కమ్ముకుని వస్తోంది. "సరే. నీళ్లు తోడెయ్యండి. మళ్లా చెప్పమనండి దాన్ని. నేనూ వింటాను," అని తిన్నె మీద కూర్చున్నాడు.

చెంబులతో తోడేశారు. అడుగు కనిపించింది. జనమంతా పడసాల వదిలి తిన్నె మీదా, గుమ్మంలోనూ, కిటికీల్లోనూ కిక్కిరిశారు. జేసీబీ బొచ్చెలో ఇంకా దిగని ముసలమ్మ గొడుగు పక్కకు జరిపి మరీ చూసింది. దొడ్డప్ప రోటి పక్కన చేతులు కట్టుకుని, పరీక్షకు పిల్లవాడిని పంపిన అయ్యవారి మాదిరి నిలబడ్డాడు.

వాన వచ్చింది. రేకు మీద ముందు ఉలవలు చల్లినట్టు, తర్వాత బస్తా కుమ్మరించినట్టు. దోనె నిండింది. గొట్టం ఒకసారి దగ్గింది. ఇంకోసారి దగ్గింది. ఆ తర్వాత దాని మూతిలోనుంచి తెల్లటి ధార విల్లులా వంగి, వాకిలి అంతా వదిలేసి, గురి చూసి కొట్టినట్టు రోలు నడిబొడ్డున పడింది. రేకు మీద పడిన వాన యావత్తూ ఆ ఒక్క రాతి గుంటలోకి దిగింది. కుమారేశన్ వక్కాకు మడిచి నోట్లో పెట్టుకునేలోగా రోలు నిండి పొర్లింది.

తలలన్నీ రోటినుంచి గొట్టానికి, గొట్టంనుంచి రేకుకు, రేకునుంచి దొడ్డప్పకు మెల్లగా తిరిగాయి. వెనక నిలబడిన గోవిందప్పకు ఏమీ కనిపించలేదు, ఏమీ వినిపించలేదు.

"ఏమాయ బావా? కట్ట తెగిందా?" అన్నాడు గట్టిగా.

మొదట బొచ్చెలోని ముసలమ్మ నవ్వింది. ఆ తర్వాత ఇక ఆపడం ఎవరివల్లా కాలేదు. కుమారేశన్ నోట్లో వక్కాకు రెయిన్‌ కోటు మీద పడింది.

"ఆ గొట్టం మూతి అటుపక్కకు తిప్పమని ఎవురు చెప్పినారు?" అన్నాడు యశ్వంత్. అడుగుతూ ఉండగానే, పనివాడితో నాయన అన్న మాట వాడికి జ్ఞాపకం వచ్చింది.

దొడ్డప్ప వానలో తడుస్తూనే నిలబడ్డాడు. పెద్దవాడు తడుస్తుంటే నవ్వు ఎక్కువసేపు నిలవదు, మెల్లమెల్లగా ఆగిపోయింది. "తీసేయప్పా," అన్నాడు కొడుకుతో. "జేసీబీ ఈడనే ఉంది గదా. రోటిది తప్పేం లేదు. దాని మింద పడిందాన్ని అది చెప్పింది. వినేవానికే వినేది చేతకాలేదు. తీసి తోటలో పెట్టుకో."

అంజనప్ప జేసీబీ వైపు నడిచాడు. ఇప్పుడు చెన్నమ్మ మెట్టు దిగి వానలోకి వచ్చింది.

"ఉండప్పా నువ్వు," అంది అంజనప్పతో. దొడ్డప్ప వైపు తిరిగింది. "అన్నా, రోలు పెరికేస్తే, ఇంకోసారి వాన వస్తే మేము ఏ సాకు చెప్పుకోని ఈడికి రావాల? ఊరికే వస్తే మీ ఇంట్లో కూడు పెడతారా? రెండో ఆటలో నా కాయ ఒకటి పండేదానికి వచ్చి నిలబడి ఉంది, ఆట నడిమధ్యలో లేచి వస్తిరి అందరూ."

యశ్వంత్ రోటిని చూశాడు. కారును చూశాడు. బానెట్టు మీద మేక పక్కన ఇప్పుడు ఇంకొకటి చేరింది. "నువ్వు పోయిరాప్పా అంజనప్పా," అన్నాడు. "పోయేటప్పుడు ఆ మంచాలు కింద దించి పో."

"మరి కారు యాడ పెడతావు?" అన్నాడు దొడ్డప్ప మెల్లగా.

"పెడతాలే యాడన్నా. ముందు అవి దిగనీ." అని లోపలికి వెళ్లి తన కాయల ముందు కూర్చున్నాడు.

కుమారేశన్ తాలూకా ఆఫీసుకు ఫోను చేసి, చెరువు క్షేమం, జనం క్షేమం, కారణం విచారణలో ఉంది అని చెప్పి, విస్తరి ముందు కూర్చుని రెండో ముద్ద కూడా వద్దనలేదు. పొద్దు వాలుతుంటే ఒక్కొక్కరే టీవీలు, తట్టలు, కోళ్లు ఎత్తుకుని దిగువీధికి దిగారు. వచ్చినప్పుడు చెప్పిన సాకులు వెళ్లేటప్పుడు ఎవరికీ గుర్తు లేవు. కాఫీపొడికి వచ్చినాయన మాత్రం నిజంగానే కాఫీపొడి అడిగి తీసుకెళ్లాడు.

జనం వెళ్లినాక దొడ్డప్ప తల తుడుచుకుని తిన్నె మీద చతికిలపడ్డాడు. యశ్వంత్, మోనిషా బండమీది బొగ్గు గీతలు తుడవాలా వద్దా అని గుమ్మంలో వాదించుకుంటున్నారు. వెంకటమ్మ ఊరంతా తిన్న గిన్నెల్ని కుప్పగా రోటి పక్కన పోసుకుని, పీట వేసుకుని కూర్చుని, రోట్లోని నీళ్లు చెంబుతో ముంచి కడగసాగింది. ముంచే చెయ్యి తడుముకోవడం లేదు. ఎన్నాళ్లనుంచో అలవాటైన చెయ్యి. దొడ్డప్ప ఆ చేతినే చూస్తూ ఉండిపోయాడు. వారంగా రోలు అడుగున తడి తప్ప ఏమీ ఎందుకు లేదో అప్పటికి ఆయన బుర్రకెక్కింది.

"రేకు ఏసినప్పట్నించి పొద్దున పొద్దున ఈ నీళ్లతోనే కడుగుతా ఉండావా?"

"ఊ."

"గొట్టం నీళ్లు దీంట్లో పడతా ఉండాయని నీకు తెలుసు."

"తెలీకేం."

గుమ్మంలో వాదన ఆగిపోయింది. దొడ్డప్ప తిన్నె అంచుకు జరిగాడు. "అయితే పొద్దున్నే ఆ మాట ఒకటి చెప్పేదానికేమి నీకు?"

వెంకటమ్మ చేతిలో గిన్నె బోర్లించి, ఇంకొకటి అందుకుంది.

"నన్నెవురడిగినారు? మీరందరూ రోటిని కదా అడిగినారు."